మెత్తటి వ్యాక్స్ కలర్ పెన్సిళ్లు కొనాలా వద్దా? ఒక వంకాయ గీసి తేల్చుకోండి

కలర్ పెన్సిళ్లతో బొమ్మలు వేసేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవి మూడే మూడు ప్రశ్నలు. "మెత్తటి వ్యాక్స్ పెన్సిళ్లు కొనమంటారా, ఆయిల్ బేస్‌వి కొనమంటారా?" "కొత్త పెన్సిలే, చెక్కిన ప్రతిసారీ లెడ్ విరిగి పడుతోంది, ఏం చేయను?" "బొమ్మ పూర్తయిన పదిహేను రోజులకు ముదురు రంగు మీద బూజు పట్టినట్టు తెల్లగా వచ్చింది, ఇక పాడైనట్టేనా?" మూడింటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. చదివి వదిలేయకండి. ఒక వంకాయ తెచ్చుకుని ఎదురుగా పెట్టుకోండి.

వంకాయే ఎందుకంటే, ఈ పెన్సిళ్ల గొప్పతనమూ ఇబ్బందీ రెండూ దాని మీదే బయటపడతాయి. ఆ నిగనిగ తేవడంలో మెత్తటి వ్యాక్స్ పెన్సిల్‌కు సాటి లేదు. కానీ తెల్లపొర కొట్టొచ్చినట్టు కనపడేది ముదురు రంగు మీదే, ఎండకు తొందరగా వెలిసిపోయే రంగుల్లో ఊదా జాతివి ముందుంటాయి. ఒక్క వంకాయ గీస్తే మీకు ఈ పెన్సిళ్లు సరిపడతాయో లేదో తెలిసిపోతుంది.

ముందు కాస్త అర్థం చేసుకోండి

కలర్ పెన్సిల్ లెడ్‌లో రంగు పొడి, మైనం, జిగురు, తెల్లమట్టి లాంటి పూరకం ఉంటాయి. మామూలు నల్ల పెన్సిల్ లెడ్‌ను బట్టీలో కాలుస్తారు, అందుకే అది గట్టిగా ఉంటుంది. మైనం ఉన్న లెడ్‌ను అలా కాల్చలేరు, కరిగిపోతుంది. ఇవి సున్నితంగా ఉండటానికి అసలు కారణం అదే. ప్రిస్మాకలర్ ప్రీమియర్, కారన్ డాష్ ల్యూమినెన్స్, డెర్వెంట్ కలర్‌సాఫ్ట్ ఈ మెత్తటి వ్యాక్స్ రకానివి. ఫేబర్ కాస్టెల్ వారి పాలీక్రోమోస్ 1908 నుంచి ఉన్న పేరు, అది ఆయిల్ బేస్, అంటే లెడ్‌లో మైనం కన్నా నూనెకు ప్రాధాన్యం, కాస్త గట్టి. పిల్లల స్కూలు పెన్సిళ్లలోనూ మైనమే ఉంటుంది కానీ రంగు పొడి తక్కువ, పూరకం ఎక్కువ. వాటితో ఎంత రుద్దినా పలచగానే వస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పండ్లు, పూలు, నగలు, పట్టుచీర, నల్ల కాగితం మీద బొమ్మలు మీకు ఇష్టమైతే మెత్తటి వ్యాక్స్ పెన్సిళ్లు కొనండి. రంగు చిక్కగా పడుతుంది, ఒకదానిలో ఒకటి వెన్నలా కలిసిపోతుంది, చెయ్యి నొప్పి పుట్టదు. మీరు ఎక్కువగా వేసేది గుడి గోపురం మీది శిల్పాలు, కనుబొమల్లో ఒక్కో వెంట్రుక, పక్షి ఈకల్లో సన్నటి చారలు అయితే ఆయిల్ బేస్‌తో మొదలుపెట్టండి. మెత్తటి పెన్సిల్ మొన నాలుగు గీతలకే మొద్దుబారుతుంది. రెండూ ఒకే బొమ్మలో కలిపి వాడొచ్చు కూడా: అడుగు పొరలకు ఆయిల్ బేస్, పైన చిక్కదనానికి వ్యాక్స్.

ఏమేం కావాలి

- పెన్సిళ్లు తొమ్మిది రంగులు: తెలుపు, క్రీమ్, లేత ఊదా, ముదురు ఊదా, ఇండిగో, క్రిమ్సన్ ఎరుపు, ముదురు గోధుమ, లేత ఆకుపచ్చ, ఆలివ్ ఆకుపచ్చ. నలుపు వద్దు, ఎందుకో కింద చెబుతాను. పెద్ద డబ్బా కొనక్కర్లేదు. విడి పెన్సిళ్లు దొరికే బ్రాండ్ ఎంచుకుంటే అయిపోయిన రంగు ఒక్కటే మళ్లీ కొనుక్కోవచ్చు.
- కాగితం: 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) పైన ఉన్నది, నునుపుగా ఉంటూనే వేలితో రాస్తే కొంచెం గరుకు తగిలేది.
- మంచి బ్లేడు ఉన్న షార్ప్‌నర్. మనలో చాలామంది మెండర్ అనేది అదే.
- ముద్దలా పిసికే ఎరేజర్. లేకపోతే పోస్టర్లు గోడకు అంటించే మెత్తటి జిగురుముద్ద.
- మెత్తటి బ్రష్షు ఒకటి, పొడి దులపడానికి.
- చెయ్యి కింద పెట్టుకోవడానికి బటర్ పేపర్.
- రంగులేని బ్లెండర్ పెన్సిల్, వేసిన రంగులను రుద్ది కలపడానికి. లేకపోయినా పరవాలేదు, తెలుపు, క్రీమ్ ఆ పని చేస్తాయి.
- అదే కాగితంలోంచి కత్తిరించిన రెండు ముక్కలు, పరీక్షకు.

1. కాగితాన్ని పరీక్షించండి

మన దగ్గర పోర్ట్రెయిట్లు వేసేవాళ్లకు ఐవరీ షీట్ అలవాటు. నల్ల పెన్సిల్‌కు అది బాగుంటుంది. మెత్తటి వ్యాక్స్‌కు మాత్రం మరీ జారుడు. కాగితం గరుకులో రంగు ఇరుక్కుంటేనే తర్వాతి పొర నిలుస్తుంది. ఐవరీ మీద రెండు మూడు పొరలకే గరుకు నిండిపోయి, నాలుగోది పట్టదు.

కాగితం ముక్క మీద అంగుళం గడి గీసి ఇండిగో, దాని మీద క్రిమ్సన్, దాని మీద ముదురు ఊదా, ఇలా తేలిగ్గా పొరలు వేస్తూ లెక్కపెట్టండి. పెన్సిల్ జారుతూ, ముందు వేసిన రంగునే గీరి పక్కకు నెట్టడం మొదలైతే ఆ కాగితం నిండినట్టు. ఆరు పొరలైనా పట్టాలి. అంతకంటే తక్కువైతే కాగితం మార్చండి. కార్ట్రిడ్జ్ పేపర్ పలచనే అయినా సాధనకు పనికొస్తుంది. మరీ గరుకైన వాటర్ కలర్ పేపర్ వద్దు, గుంటల్లో తెల్లచుక్కలు ఉప్పు చల్లినట్టు మిగిలిపోతాయి.

2. పెన్సిల్ విరగకుండా చెక్కండి

విరగడానికి మూడు కారణాలు: మొద్దు బ్లేడు, ఎప్పుడో కింద పడటం, లెడ్ కర్ర మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉండటం. మూడోది కొనేటప్పుడే చూసుకోవచ్చు. పెన్సిల్ వెనక భాగం కంటికి ఎదురుగా పెట్టి చూడండి. లెడ్ చుట్టూ కర్ర సమానంగా లేకపోతే అది పక్కన పెట్టేయండి. నాకు ఒకసారి కొరియర్‌లో వచ్చిన డబ్బాలో ఏడు పెన్సిళ్లు లోపలే ముక్కలైపోయి ఉన్నాయి, చెక్కిన కొద్దీ అరంగుళం ముక్కలు రాలుతూనే ఉన్నాయి. అప్పటి నుంచి విడి పెన్సిళ్లు అంగడికి వెళ్లి, చూసి తెచ్చుకుంటున్నాను.

చెక్కేటప్పుడు షార్ప్‌నర్‌ను కదపకుండా పట్టుకుని పెన్సిల్‌ను నెమ్మదిగా తిప్పండి. లోపలికి నొక్కకండి. బ్లేడు తన పని తాను చేసుకుంటుంది. పొట్టు తెగకుండా చీర కుచ్చులా వస్తుంటే సరిగా చెక్కుతున్నట్టు. పొడిపొడిగా రాలుతుంటే బ్లేడు మార్చండి. అయినా విరుగుతుంటే కటర్‌తో కర్రను మాత్రం చెక్కి, లెడ్‌ను గరుకు కాగితం మీద తిప్పుతూ మొన తేవాలి.

హెచ్చరిక: విరిగిన లెడ్ అతుక్కుంటుందని పెన్సిల్‌ను మైక్రోవేవ్‌లో పెట్టమనే సలహా ఒకటి తిరుగుతోంది. పొరపాటున కూడా చేయకండి. కర్ర మీది మెరిసే అక్షరాలు చాలావాటికి లోహపు రేకుతో అచ్చువేసినవి. నిప్పురవ్వలు లేస్తాయి, కర్ర అంటుకుంటుంది.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 44 డిగ్రీల మధ్యాహ్నం కూర్చుంటే మొన నిలవదు, రంగు జిడ్డులా పులుముకుంటుంది. పొద్దున్నే వేసుకోండి. కారులో, కిటికీ గట్టు మీద డబ్బా వదలకండి.

3. చిత్తుగీత ఊదాతోనే గీయండి

నల్ల పెన్సిల్‌తో గీస్తే ఆ మసి మైనం కింద చిక్కుకుని లేతరంగుల్లోంచి మురికిగా కనపడుతుంది, ఇక చెరగదు. అందుకే లేత ఊదాతో, కనపడీ కనపడనట్టు గీయండి. నల్ల పెన్సిలే కావాలనుకుంటే గీశాక ఎరేజర్ ముద్దను మెల్లగా అద్దుతూ గీత వెలిసిపోయేదాకా తగ్గించండి.

ఇప్పుడు వంకాయను బాగా చూడండి. మీద పడే వెలుగు ఒకచోట తెల్లటి మచ్చలా, అంచులు కొంచెం అలుక్కుపోయినట్టు ఉంటుంది. దాని ఆకారం గీసుకోండి. ఆ చోటును మొదటి నుంచి చివరి దాకా ఖాళీగా ఉంచాలి. తర్వాత తెల్ల పెన్సిల్‌తో తెచ్చుకుందాం అనుకుంటే కుదరదు. ముదురు మైనం మీద తెలుపు వేస్తే బూడిద కలిసిన లేత ఊదా వస్తుంది, మెరుపు రాదు.

4. మొదటి పొరలు: పెన్సిల్ బరువే చాలు

పెన్సిల్‌ను రాసేటప్పుడు పట్టుకునే చోట కాకుండా వెనక సగంలో పట్టుకోండి. చేతి బలం దానంతటదే తగ్గుతుంది. వెలుగు మచ్చ చుట్టూ లేత ఊదా. అది తప్ప కాయంతా ఇండిగో, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు. ఈ దశలో వంకాయ వెలిసిన జీన్స్ గుడ్డలా, నీరసంగా కనపడుతుంది. కంగారుపడకండి, అలాగే ఉండాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రంగు పలచగా ఉందని రెండో పొరలోనే అదిమేస్తారు. అదిమితే మైనం ఒక్కసారిగా గరుకును నింపేస్తుంది, తర్వాత క్రిమ్సన్ వేయబోతే అద్దం మీద గీసినట్టు జారుతుంది. కాగితం కూడా నలిగిపోతుంది కాబట్టి చెరిపినా ఆ చోటు మామూలుగా రాదు. "ఈ పెన్సిళ్లు పొరలు పట్టవు" అని నాకు ఫిర్యాదు చేసినవాళ్ల బొమ్మలు చూస్తే దాదాపు ప్రతిసారీ ఇదే జరిగింది.

సరిగా వేస్తున్నారో లేదో చూడటానికి కాగితాన్ని కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకోండి. రంగు వేసిన చోటు మామూలు కాగితంలాగే మెరుపు లేకుండా ఉంటే మంచిదే. అప్పుడే తళతళలాడుతుంటే తొందరపడ్డారన్నమాట.

5. ముదురు తెచ్చుకోండి, నలుపు లేకుండా

ఇండిగో మీద క్రిమ్సన్, దాని మీద ముదురు ఊదా, మళ్లీ ఇండిగో. నీడ ఎక్కువ ఉన్న వైపు వీటి మీద ముదురు గోధుమ ఒక పొర. ఇలా ఐదారు పొరలయ్యేసరికి నలుపుకు దగ్గరగా, కానీ లోపల ఎరుపు తొంగిచూసే ఊదా వస్తుంది. నిజం వంకాయను వెలుతురులో తిప్పి చూడండి, అదే రంగు. నలుపు రంగు కలర్ పెన్సిల్ వాడితే అక్కడ బొగ్గు పూసినట్టు చదునైపోతుంది. పైగా తెల్లపొర అన్నిటికంటే బాగా కనపడేది నలుపు మీదే.

కింది అంచున, బల్ల నుంచి తిరిగి పడే వెలుగు సన్నటి గీతలా ఉంటుంది. అక్కడ ముదురు పొరలు ఆపేసి లేత ఊదా ఉంచండి. ఈ సన్నటి అంచు లేకపోతే కాయ గుండ్రంగా కనపడదు.

పని మధ్యలో ముదురు రంగు పొడి రాలుతూ ఉంటుంది. దాన్ని చేత్తో తుడవకండి, నోటితో ఊదకండి. చేత్తో తుడిస్తే తెల్లకాగితం మీద చార పడుతుంది, ఊదితే తుంపర పడుతుంది. బ్రష్షుతో దులపండి. ఫ్యాను నేరుగా కాగితం మీదికి రాకుండా చూసుకోండి. చెమట చెయ్యి కింద బటర్ పేపర్ తప్పనిసరి.

ముచ్చికకు లేత ఆకుపచ్చ, దాని మీద ఆలివ్, మడతల్లో కొంచెం గోధుమ. ముచ్చిక కాయను తాకే చోట సన్నగా ఊదా ఛాయ ఉంటుంది, అది మరవకండి.

6. అదిమే ముందు ఫోటో తీయండి

ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. కాయ మధ్య, నీడ వైపు రెండూ ఒకే బూడిద రంగులో కనపడితే నీడ వైపు ఇంకో రెండు పొరలు కావాలి. వెలుగు మచ్చ ఒక్కటే తెల్లగా నిలవాలి. ఈ పరీక్ష ఇప్పుడే చేయాలి, ఎందుకంటే తర్వాతి మెట్టు దాటాక పెద్ద మార్పులు కుదరవు.

7. ఒక్కసారే గట్టిగా రుద్దండి

దీన్నే బర్నిషింగ్ అంటారు. వెలుగు దగ్గర తెలుపు, పక్కన లేత ఊదా, ముదురు చోట రంగులేని బ్లెండర్ తీసుకుని కాయ వంపు వెంట గట్టిగా రుద్దండి. మొన మొద్దుగా ఉంటే మంచిది, సన్నమొన అదిమితే పుటుక్కుమంటుంది. కాగితం గుంటల్లో మిగిలిన తెల్లచుక్కలు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి, విడివిడి గీతలు కరిగిపోయి కాయకు తోలు వస్తుంది. అందరూ ఈ పెన్సిళ్లను ఇష్టపడేది ఈ నిమిషం కోసమే. గట్టి పెన్సిల్‌తో ఇంత నున్నదనం రావాలంటే చాలాసేపు కష్టపడాలి.

రుద్దాక రంగు కాస్త లేతబడుతుంది. నీడల మీద ఇండిగో మళ్లీ ఒకసారి పట్టించండి. తెల్ల పెన్సిల్ మొనకు ఊదా అంటుకుంటుంది, మాటిమాటికీ పనికిరాని కాగితం మీద గీసి శుభ్రం చేసుకోండి. ఆ మొనతోనే వెలుగు మచ్చ మీదికి వెళ్తే ఇంతసేపు కాపాడుకున్న తెలుపు పోతుంది.

రుద్దడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. వాసన లేని థిన్నర్‌లో బ్రష్షు ముంచి, గుడ్డకు అద్ది, తడి తగ్గించి ముదురు చోట్ల తిప్పండి. మైనం కరిగి రంగు గుంటల్లోకి దిగుతుంది. పూర్తిగా ఆరాక మళ్లీ పొరలు వేయొచ్చు, ఇది దీని అసలు లాభం. పలచటి కాగితం మీద చేయకండి. కిటికీలు తెరవండి, దగ్గర్లో స్టవ్వు, దీపం, అగరుబత్తి ఉండకూడదు. హార్డ్‌వేర్ అంగట్లో దొరికే టర్పెంటైన్ కూడా పని చేస్తుంది కానీ ఆ ఘాటు తలనొప్పి తెస్తుంది, నేను మానేశాను. బేబీ ఆయిల్ దూది పుల్లతో వాడేవాళ్లున్నారు. చుక్క ఎక్కువైతే కాగితం మీద పకోడీ పొట్లంలా నూనె మరక పడుతుంది.

8. తప్పు జరిగితే

మామూలు రబ్బరుతో రుద్దకండి. మైనం వేడెక్కి ఇంకా పులుముకుంటుంది. ఎరేజర్ ముద్దను అదిమి, ఎత్తి, మడిచి, మళ్లీ అదమండి. ఇంకా తీయాలంటే టేపు ముక్క అతికించీ అతికించనట్టు పెట్టి, పైన పెన్నుతో తేలిగ్గా గీసి ఎత్తండి. గీసిన చోట మాత్రమే రంగు లేచివస్తుంది. రుద్దేసిన చోట పూర్తి తెలుపు మాత్రం తిరిగి రాదు.

9. తెల్లపొర వస్తే

అది మైనమే. గట్టిగా వేసిన చోట మైనం కొన్ని రోజులకో వారాలకో పైకి తేలి మంచులా కమ్ముతుంది. మెత్తటి కాటన్ గుడ్డతో అద్దినట్టు తుడవండి. వెంటనే కింది రంగు తేటగా కనపడితే బొమ్మకు ఏమీ కాలేదు. తుడిచినా పోకుండా చుక్కలు చుక్కలుగా ఉండి, మగ్గిన వాసన వస్తే అది నిజంగా బూజు. సముద్రం దగ్గరి ఊళ్లలో వానాకాలం ఈ తేడా గమనించుకోవాలి.

తుడిచాక ఫిక్సేటివ్ స్ప్రే (బొమ్మ మీద రక్షణ పొరలా నిలిచేది) పలచగా రెండు మూడు సార్లు కొట్టండి, ప్రతిసారీ ఆరనిచ్చి. గాలి ఆడే చోట, అడుగు దూరం నుంచి. ముందు పరీక్ష ముక్క మీద కొట్టి చూడండి, కొన్ని స్ప్రేలకు రంగు ముదురుతుంది. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట పెట్టమనండి. వేసవిలో మైనం అద్దానికి అంటుకుంటే విడదీయడం కష్టం.

10. ఊదా ఎంతకాలం నిలుస్తుందో చూడండి

నేను వేసిన కలువపూల బొమ్మ ఒకటి కిటికీ ఎదురు గోడకు తగిలించాను. రెండేళ్లకు ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి, పూలు మాత్రం పాలిపోయి కాగితం రంగుకు వచ్చేశాయి. ఆ బొమ్మ అమ్మకానిది కాదు కాబట్టి సరిపోయింది. ఎవరికైనా డబ్బుకు వేసి ఇస్తే ఆ మాట మీ మీదికి వస్తుంది.

కలర్ పెన్సిళ్ల రంగు వెలుతురుకు ఎంత నిలుస్తుందో కొలవడానికి ఏఎస్‌టీఎం డి 6901 అనే ప్రమాణం ఉంది. ల్యూమినెన్స్ పెన్సిళ్ల పూర్తి పేరు ల్యూమినెన్స్ 6901. కంపెనీ చార్టులో రేటింగ్ ఉంటే ఒకటి, రెండు తరగతుల్లో ఉన్నవి ఎంచుకోండి. రేటింగ్ లేకపోతే మీరే చూసుకోవచ్చు. రెండో కాగితం ముక్క మీద మీ తొమ్మిది రంగులూ వరసగా పట్టీలు వేసి, సగానికి వంటింటి ఫాయిల్ చుట్టి, ఎండ పడే కిటికీకి తేదీ రాసి అతికించండి. మూడు నెలలకు ఫాయిల్ తీస్తే ఏ రంగు నిలిచిందో, ఏది మోసం చేసిందో రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చెబుతాయి. పోయిన రంగులు సాధన పుస్తకంలో వాడుకోండి, అమ్మే బొమ్మల్లో వద్దు.

11. చివరి చూపు

బొమ్మను గోడకు ఆనించి ఆరడుగుల దూరం నుంచి చూడండి. వంకాయ బల్ల మీద కూర్చున్నట్టుందా, కాగితానికి అతికించినట్టుందా? అతికించినట్టుంటే కాయ కింద బల్ల మీది నీడ చాలలేదు, కాయ తగిలే చోట ఇండిగో, గోధుమ ఇంకొంచెం దట్టించండి. పదిహేను రోజుల తర్వాత ఇంకోసారి వెలుతురుకు ఏటవాలుగా పట్టి తెల్లపొర కోసం వెతకండి.

తర్వాత డబ్బా తెరిచి ఏ పెన్సిల్ ఎక్కువ పొట్టిదైందో చూసుకోండి. నా దగ్గర ఎప్పుడూ తెలుపే ముందు అయిపోతుంది, రుద్దే పనంతా దానిదే కదా. ఈసారి అంగడికి వెళ్లినప్పుడు కొత్త రంగుల కన్నా ముందు రెండు తెలుపులు తీసుకోండి.